బాపు నడుము నొప్పి

మొన్న మా పై అంతస్తులో ఉండే ఆమె పొద్దున్నే తలుపు కొట్టింది. గడప అవతలే నిలబడి, "అక్కా, మీరు ఎదురుకాళ్ళతో పుట్టిండ్రట గదా?" అని అడిగింది. మిర్యాలగూడలో ఈ ఇంటికి వచ్చి నాలుగేళ్ళయినా నా పుట్టుక సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ఇది మా చెల్లెలి పనే. వచ్చి రెండు రోజులుంటే చాలు, ఇంటి గుట్టంతా మెట్ల మీద ఆరబోసి పోతుంది. పై ఆమె కొడుక్కి కంప్యూటరు ముందు కూర్చుని కూర్చుని నడుము పట్టేసిందట. "మూడు తన్నులు తన్నిపోండ్రి అక్కా. పిల్లగాడు పొద్దుగాల్నుంచి మంచినీళ్ళు గూడ తాగలే" అంది.

నేను తన్నను అన్నాను. "ముందు డాక్టరుకు సూపియ్యి. నొప్పి యాడనో పిల్లగాన్ని సరిగ్గ అడుగు" అని కూడా అన్నాను, అదీ కొంచెం విసురుగానే. ఆమె ముఖం మాడ్చుకుని వెళ్ళిపోయింది. మెట్లెక్కుతూ, "మూడు తన్నులకు గింత బెట్టు" అని నాకు వినపడేటట్టే గొణిగింది. ఆమె తప్పేమీ లేదు. నేను మనుషులను తన్నడం మానేసి నలభై అయిదేళ్ళు దాటిందని, ఎందుకు మానేశానో, ఆమెకు తెలియదు.

బిడ్డ తల ముందు రాకుండా కాళ్ళు ముందు వచ్చి పుడితే ఎదురుకాళ్ళ బిడ్డ అంటారు. నన్ను కనేటప్పుడు మా అమ్మ చావు అంచుదాకా పోయి వచ్చింది. ఆమె పడ్డ బాధకు ఊళ్ళో హోదా మాత్రం నాకు దక్కింది. నడుము పట్టిన వాళ్ళను ఎదురుకాళ్ళ వాళ్ళు ఎడమ కాలితో మూడుసార్లు తంతే ఆ పట్టు విడుస్తుందని మా వైపు గట్టి నమ్మకం. ఆదివారం పొద్దున, ఎండ ఎక్కకముందు, తన్నేవాళ్ళు, తన్నించుకునేవాళ్ళు ఇద్దరూ పరగడుపున ఉండాలి.

మా ఊరు తిరుమలగిరి నుంచి నడిచిపోయే దూరం. ఎర్ర దుబ్బ నేలలు, జొన్న, కంది, ఆముదం చేలు, అడుగంటిన బావులు. మోట తోలి, మూటలు మోసి నడుములు పట్టించుకోవడానికి మనుషులకు కొదవ లేదు. కాబట్టి నా మడమకు గిరాకీ బాగా ఉండేది. పొద్దున లేస్తే ఊరందరినీ అదిలించే పెద్ద ఆసామి ఒకాయన మా అరుగు మీద బోర్లా పడుకుని, "మెల్లగ బిడ్డా, జర మెల్లగ" అని బతిమాలేవాడు. నేను ఏమాత్రం మెల్లగా తన్నేదాన్ని కాదు. తన్నాక చేతిలో ఇంత బెల్లం ముక్కో, దోసెడు పల్లీలో పెట్టేవాళ్ళు. పదేళ్ళ పిల్లకు అంతకంటే పొగరు ఎక్కడానికి ఇంకేం కావాలి?

మా బాపు సర్కారు బస్సు డ్రైవరు. తిరుమలగిరి నుంచి సూర్యాపేటకు, ఒక్కోసారి సూర్యాపేట నుంచి కోదాడకు బండి నడిపేవాడు. ఖాకీ చొక్కా వేసుకుని ఆ ఎత్తు సీటు ఎక్కి కూర్చుంటే ఆయన మా బాపు కాదు, మరెవరో అనిపించేది. ఇంట్లో మాత్రం మెత్తని మనిషి. మాటలు తక్కువ. అమ్మ అరిస్తే పెరట్లోకి పోయి నిలబడేవాడు.

ఆ ఎండాకాలం బాపు కూర్చోవడం మానేశాడు. అన్నం నిలబడి తినేవాడు. బండిలో సీటు మీద తువ్వాల నాలుగు మడతలు పెట్టి, ఒక పక్కకు ఒరిగి నడుపుతున్నాడని ఊళ్ళో వాళ్ళు చెప్పుకున్నారు. ఏమైందని ఎవరడిగినా, "నడుము" అనేవాడు. ఆ ఒక్కమాటే. నాకు కూడా అంతే చెప్పారు.

అమ్మ, బాపు ఒకసారి హైదరాబాదు పోయి వచ్చారు. ఆ సాయంత్రం వంటింట్లో అమ్మ నాయనమ్మతో అంటున్న మాటలు విన్నాను. "కోసి తీస్తరట అత్తమ్మా. కోసేటప్పుడు లోపలి నరానికి తగిలితే మల్ల బండి నడపలేడట. ఇంట్లకెల్లి బయటికి గూడ పోబుద్ధి గాదట." నాయనమ్మ పొయ్యిలో కట్టె ఎగదోసింది. తరవాత, "నడపకపోతే ఏం పనిస్తరు?" అని అడిగింది. "డిపోల బండ్లు కడగాలె" అంది అమ్మ. నేను తలుపు చాటున నిలబడి, బాపు ఖాకీ చొక్కా లేకుండా, లుంగీ ఎగ్గట్టి, ఇంకొకరు నడిపే బస్సుకు నీళ్ళు కొడుతున్నట్టు ఊహించుకున్నాను.

అదే సమయంలో తోటి డ్రైవరొకాయన కోదాడలో ఆయుర్వేద దవాఖాన సంగతి చెప్పాడట. అక్కడ కొయ్యరు. మందుతోనే మానుస్తారు. కాకపోతే ఆరువారాలు అక్కడే ఉండాలి. డిపోలో మూడు నెలల సెలవు దొరికింది. ఆ గడువు లోపల మళ్ళీ సీటు ఎక్కకపోతే బండ్లు కడిగే పని తప్పదు. అమ్మకు బర్రెలు, చెల్లెలు, చేను. అందుకని నాయనమ్మ తోడు బయలుదేరింది. నాయనమ్మకు చదువు రాదు, సీసాల మీద రాసింది చదవడానికి నన్ను వెంటబెట్టుకుంది. బడికి సెలవులే.

సూర్యాపేటలో బస్సు మారి, మునగాల దాటి కోదాడ పోయేదాకా బాపు కమ్మీ పట్టుకుని నిలబడే ఉన్నాడు. సీట్లు ఖాళీగానే ఉన్నాయి. ఆ బండి డ్రైవరు బాపుకు తెలిసినవాడు, "కూసోరాదు అన్నా" అని రెండుసార్లు అన్నాడు. "నడుము" అన్నాడు బాపు.

దవాఖాన ఊరి చివర ఉండేది. పొడుగాటి పెంకుటిల్లు, లోపల వరసగా మంచాలు, ముందు మూడు వేపచెట్లు. వెనక పొయ్యిల మీద పెద్ద పెద్ద గంగాళాల్లో కషాయాలు కాగుతుండేవి. వావిలాకు ఉడికే వాసన, నువ్వులనూనె కాగే వాసన, శొంఠి ఘాటు, అన్నీ కలిసి ఒక వాసనయ్యేవి. రెండో రోజుకే ఆ వాసన నా జడకు పట్టింది. వారానికల్లా నా చెమట కూడా అదే వాసన కొట్టింది. ఇంటికి వచ్చాక కూడా చెల్లెలు నెల రోజులు నా పక్కన పడుకోనని ఏడ్చింది.

వైద్యుడు సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. తెల్ల పంచె, ముక్కు చివర కళ్ళద్దాలు. ఆయనది కోదాడ అవతలి మాట. "ఏమండీ", "చెప్పండీ" అంటుంటే నాయనమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. "ముసల్దాన్ని పట్టుకోని అండి అంటడేందే" అని నాతో గుసగుసలాడేది. ఆయన ముందు మాత్రం చేతులు కట్టుకుని నిలబడేది.

బాపుకు పెట్టిన పత్యం తలచుకుంటే ఇప్పటికీ జాలేస్తుంది. పాత బియ్యం అన్నం, పెసరకట్టు, సొరకాయ, పలచటి మజ్జిగ. కారం లేదు, చింతపండు లేదు. ఉప్పు వేసీ వేయనట్టు. గోంగూర తొక్కు లేకుండా ముద్ద ఎత్తని మనిషి, ఆ తెల్ల అన్నాన్ని గోడ వైపు చూస్తూ నిలబడి మింగేవాడు. నాయనమ్మ మా ఇద్దరికీ వెనక రాళ్ళ పొయ్యి మీద వండేది. ఆమె పచ్చిపులుసులో పోపు వేసిన రోజు బాపు మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. అప్పటినుంచి నాయనమ్మ కూడా పోపు మానేసింది. నేను మానలేదు. వెనక మామిడిచెట్టు కాయలు రాల్చి, ఉప్పూ కారం అద్దుకుని గంగాళాల చాటున తినేదాన్ని. లేహ్యం జాడీ మూత తీసి వేలితో నాకడం కూడా నేర్చుకున్నాను. దాన్ని బలం లేని వాళ్ళకు ఇస్తారట, ఆ ఎండాకాలం నేను బాగా ఒళ్ళు చేశాను.

దవాఖానలో నాకు అన్నిటికంటే వింతగా తోచింది దారం. ఒక గదిలో చెక్క చట్రాలకు దారాలు బిగించి, వాటికి జెముడు పాలు, ఉత్తరేణి బూడిద, పసుపు పూసి ఆరబెట్టేవాళ్ళు. పూయడం, ఆరబెట్టడం, మళ్ళీ పూయడం. ఎన్ని పూతలో నేను కిటికీలోంచి లెక్కపెట్టబోయి ప్రతిసారీ మధ్యలోనే తప్పేదాన్ని. ప్రతి శనివారం బాపును లోపలి గదికి పిలిచి ఆ పసుపుపచ్చ దారం కొత్తది కట్టేవాళ్ళు. బాపు వచ్చేటప్పుడు చొక్కా తడిసి ఉండేది, అడుగులు ఎడం ఎడంగా వేసేవాడు. రోజంతా బోర్లా పడుకునేవాడు.

"దారం యాడ కడ్తరు నాయనమ్మా?" అని అడిగాను.

"నడుముకు" అంది నాయనమ్మ, నా వైపు చూడకుండా.

బాపు స్నానం చేసేటప్పుడు చాటుగా చూశాను. నడుముకు పాత నల్ల మొలతాడు తప్ప ఏ దారమూ లేదు. మందు దారం కదా, ఒంట్లోకి ఇంకిపోయి ఉంటుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

పక్క మంచం మీద మిర్యాలగూడ తాత ఒకాయన ఉండేవాడు. బియ్యం మిల్లులో బస్తాలు మోసి మోసి మెడ భుజాల్లోకి దిగిపోయిన మనిషి. ఆయనకు ప్రతి విషయమూ గట్టిగా చెప్పడం అలవాటు. "నీది ఎన్ని దారాలైనయ్ రా? నాది ఆరైనయ్" అని బాపును అందరిముందూ అడిగేవాడు. బాపు నిద్ర నటించేవాడు. నేను కల్పించుకుని, "మా బాపుది నడుము తాతా" అంటే, తాత నన్నొకసారి, బాపునొకసారి చూసి, "ఓహో, నడుమా" అని పొట్ట ఊగేటట్టు నవ్వాడు. ఆ సాయంత్రం బాపు నన్ను పిలిచి, "గా తాత తాన కూసోకు" అన్నాడు. అయిదోరోజుకు తాత మానిపోయి ఇంటికి పోయాడు. పోతూ పోతూ బాపు భుజం మీద చెయ్యి వేసి, "సిగ్గువడితే మానుతదా కొడుకా" అన్నాడు. ఆయన దేనికి సిగ్గంటున్నాడో నాకు అర్థం కాలేదు.

నా బాధ వేరే. నడుము నొప్పే అయితే నన్నెందుకు అడగలేదు? ఊరందరి నడుములూ నా కాలికి లొంగాయి. సొంత బాపు మాత్రం నన్ను ఇంట్లో పెట్టుకుని కోదాడ దాకా వచ్చి, చప్పటి అన్నం తింటూ, దారాలు కట్టించుకుంటున్నాడు. నా కాలి మీద ఆయనకు నమ్మకం లేదన్నమాట. ఆ రోషం నాకు రోజురోజుకూ ముదిరింది.

నాలుగో దారం కట్టిన శనివారం మధ్యాహ్నం పెద్దబాపు చూడడానికి వచ్చాడు. బాపుకు అన్న. చెయ్యి ఊపుకుంటూ రాకూడదని బ్రెడ్డు, జామపండ్లు తెచ్చాడు, రెండూ బాపు తినకూడనివే. మంచం పక్కన కూర్చుని అదే మాట ఎత్తాడు.

"బిడ్డను ఇంట్ల వెట్టుకోని నడుము నొప్పికి దవాఖానల పడ్డవేందిరా? మూడు తన్నులతోని ఖతమయితుండె."

"ఇది వేరే నొప్పి" అన్నాడు బాపు.

"నడుముల వేరే నొప్పేందిరా?"

నాయనమ్మ చప్పున లేచి, మజ్జిగ తాగుదువు రమ్మని పెద్దబాపును బయటికి తీసుకుపోయింది. పెద్దబాపు బస్సుకు పోయేముందు వేపచెట్టు కింద నన్ను ఆపాడు. ఆయనకూ నిజం తెలియదు. "మీ బాపు బిడ్డ కాలు తండ్రి మీద వడితే బిడ్డకు పాపమని అనుకుంటుండు. పిచ్చోడు. రేపు ఐతారమే గదా. పొద్దుగాల వాడు లేవకముందే తన్నెయ్. తెల్వకుండ తన్నినా పనిజేస్తది" అన్నాడు. బాపు నన్నెందుకు అడగలేదో అప్పటికి తెలిసింది. నమ్మకం లేక కాదు, నాకు పాపం అంటకూడదని. నాకు ఏడుపొచ్చినంత పనయింది. ఎట్లాగైనా బాపును సీటు ఎక్కిస్తానని, ఆ బండ్లు కడిగే పని తప్పిస్తానని గట్టిగా అనుకున్నాను.

ఆదివారం తెల్లవారింది. నాయనమ్మ బావి దగ్గర ముఖం కడుగుతోంది. నేను నోట్లో నీళ్ళు కూడా పోసుకోలేదు. బాపు బోర్లా పడుకుని ఉన్నాడు, ముఖం గోడ వైపు. మంచం పట్టె ఎక్కి, గోడకు చెయ్యి ఆనించి, ఎడమ మడమతో నడుము మీద తన్నాను. మొదటి తన్నుకే బాపు ఉలిక్కిపడ్డాడు. రెండోది పడేసరికి పెద్దగా కేకవేసి పక్కకు దొర్లాడు. మంచం మీది నుంచి కిందికి, కూర్చున్నట్టుగా, రాతి బండ మీద పడ్డాడు.

అట్లాంటి కేక నేను మళ్ళీ ఎవరి నోటా వినలేదు. తెల్ల లుంగీ మీద ఎర్రటి మరక పుట్టి, నా కళ్ళ ముందే పెద్దదైంది. నడుము దగ్గర కాదు. నేను తన్నింది ఒకచోట, నెత్తురొచ్చింది ఇంకొకచోట. ఆ సంగతి ఆలోచించేంత తెలివి నాకప్పుడు లేదు. మామిడిచెట్టు వెనక్కి పరుగెత్తాను.

అక్కణ్ణుంచి అంతా వినపడుతోంది. వైద్యుడు వచ్చాడు, లోపలి గది తలుపులు పడ్డాయి. చాలాసేపటికి తెరుచుకున్నాయి. "దారం తెగిపోయిందమ్మా. లోపల చీరుకుంది" అని నాయనమ్మతో అంటున్నాడు. "వాపు తగ్గేదాకా ఇంకో దారం వెయ్యలేం. నెల రోజుల కష్టం చాలావరకు పోయినట్టే. ఆగుతామంటే ఆగండి. హైదరాబాదు పోయి ఆపరేషన్ చేయించుకుంటామంటే నేను కాదనను."

"పోరి తెల్వక జేసింది సారూ" అని నాయనమ్మ ఏడుస్తోంది.

"ఆ పిల్లకి మీరేం చెప్పారు?"

నాయనమ్మ ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

"నడుమని చెప్పారు. నడుమైతే తన్నాలని ఆ పిల్లకు ఊరంతా నేర్పింది. ఇప్పుడు ఆ పిల్లని ఏమనమంటారు?" వైద్యుడు గొంతు పెంచడం నేను అప్పుడే విన్నాను. "మీ అబ్బాయిని నిజం చెప్పమనండి. దానికి మందు అక్కర్లేదు."

మధ్యాహ్నం దాకా నేను చెట్టు దగ్గరే ఉన్నాను. ఎండ నెత్తికెక్కింది. నాయనమ్మ వచ్చి రెక్క పట్టుకుని లాక్కుపోయింది. కొడతారనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. బాపు పక్కకు ఒరిగి పడుకుని ఉన్నాడు, ముఖం పాలిపోయి. నన్ను చూసి, వెంటనే కళ్ళు తిప్పుకున్నాడు.

"బిడ్డా, నాకు నొప్పి నడుముల గాదు" అన్నాడు గోడతో చెప్పుకుంటున్నట్టు. "కిందికి. ముడ్డి కాడ. గాడ లోపట పుండయ్యింది. సీటు మీద కూసోని కూసోని, వేడికి. భగందరం అంటరట. కోసి తీస్తే దొడ్డికి ఆపుకోరాదన్నరు, గందుకే గీడికొచ్చినం. పుండు లోపలికెల్లి దారం తీసి ముడేస్తరు, అది మెల్లగ కోసుకుంట, మానుకుంట వస్తది. నీకు జెప్పనీకి నాకు నోరు రాలే."

నేను నిజమే చెప్పాలి. నాకు నవ్వొచ్చింది. అంత ఏడ్చి, అంత భయపడి, ఆ మాట బాపు నోట వినేసరికి ముక్కులోంచి నవ్వు తన్నుకొచ్చింది. ఆపుకోలేకపోయాను. బాపు బిత్తరపోయి చూశాడు, తరవాత ఆయనా నవ్వాడు. నవ్వితే నొప్పి పుట్టి "అమ్మా" అన్నాడు, మళ్ళీ నవ్వాడు. నాయనమ్మ ఇద్దరినీ తిట్టింది.

"ఇప్పుడు బండ్లు కడుగుతవా బాపూ?" అని అడిగాను. నవ్వంతా అక్కడే ఆగిపోయింది.

"సూద్దాం" అన్నాడు.

ఆయన హైదరాబాదు పోలేదు. పది రోజులు వాపు తగ్గడానికి పట్టింది. గోరువెచ్చని కషాయం పోసిన తొట్టిలో పూటకింతసేపు కూర్చోవాలి. అంతకుముందు ఆ గది ఛాయలకు నన్ను రానిచ్చేవాడు కాదు. ఇప్పుడు తలుపు బయట కూర్చుని నేనే కబుర్లు చెప్పేదాన్ని, లోపలి నుంచి ఊఁ కొట్టేవాడు. మళ్ళీ దారాలు మొదలయ్యాయి. ప్రతి శనివారం పాత దారం తీసి, వైద్యుడు దాన్ని కొలిచి, "అరంగుళం తగ్గింది", "ఇంకాస్త తగ్గింది" అని చెప్పేవాడు. ఆ మాట కోసం నేను గది బయట గోళ్ళు కొరుక్కుంటూ నిలబడేదాన్ని. బడి తెరిచారు. నేను పోలేదు. డిపో నుంచి ఒక కాగితం వచ్చింది. గడువుకు ఇంకా తొమ్మిది రోజులే ఉన్నాయని నేనే చదివి వినిపించాను. బాపు ఆ కాగితాన్ని మడిచి దిండు కింద పెట్టుకున్నాడు.

గడువుకు నాలుగు రోజుల ముందు దారం దానంతట అదే ఊడి వచ్చింది. వేలికి పెట్టుకునే ఉంగరమంత. వైద్యుడు దాన్ని కాగితంలో పెట్టి నాకే చూపించాడు. "చూడమ్మా, అయిపోయింది" అన్నాడు. తిరుగుదారిలో కోదాడ నుంచి సూర్యాపేట దాకా బాపు కిటికీ పక్కన కూర్చున్నాడు. రెండు పిరుదులూ ఆనించి, మామూలు మనుషుల్లాగా. మునగాల దగ్గర నాయనమ్మ ఆయన కూర్చున్న తీరును చూస్తూ కళ్ళు తుడుచుకుంది. సోమవారం ఆయన ఖాకీ చొక్కా వేసుకుని సీటు ఎక్కాడు.

కథ ఇక్కడితో అయిపోయి ఉంటే నాకు ఏ బాధా ఉండకపోను.

ఆ తరవాత మూడో ఆదివారమో, నాలుగో ఆదివారమో, పొద్దున్నే ఒకాయన నా దగ్గరికి వచ్చాడు. గొర్లు కాసే మనిషి, బాపు ఈడువాడు. నడుము పట్టిందన్నాడు. అరుగు మీద అప్పటికే నలుగురైదుగురు ఉన్నారు, పెద్ద ఆసామి కూడా ఉన్నాడు. వచ్చినాయన కూర్చోమంటే కూర్చోలేదు. స్తంభానికి ఆనుకుని, ఒక కాలు మీద బరువు వేసి నిలబడ్డాడు. నేను లంగా ఎగదోపి సిద్ధమయ్యాను. వేపపుల్ల నములుతూ బయటికి వచ్చిన బాపు ఆయనను తేరిపార చూశాడు.

"తన్నకు బిడ్డా" అన్నాడు నాతో. తరవాత ఆయనతో, "నీకు కూసుంటే నొప్పా, వంగితే నొప్పా?" అని అడిగాడు.

ఆయన అరుగు మీది మనుషులను చూసి, "నడుమే అన్నా" అన్నాడు తల వంచుకుని.

బాపు పుల్ల ఉమ్మేశాడు. "నేను గూడ నడుమనే అన్న. నాకు నడుము గాదు. ముడ్డి కాడ పుండయ్యింది. నెత్తురు, సీము కారుతుండె. కూసోరాకపోతుండె, దొడ్డికి పోవాల్నంటే పానం పోతుండె. సిగ్గుకు ఎవ్వలికి జెప్పలే. నా బిడ్డకు గూడ అబద్ధం జెప్పిన, నా బిడ్డ చేత తన్నులు తిన్న. కోదాడల దారం కట్టిండ్రు, మానింది. నీది గూడ గదేనా కాదా, గది జెప్పు."

మా బాపు ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడడం నేను చూడలేదు. పెద్ద ఆసామి మొదట నవ్వాడు, అందరూ నవ్వారు. వచ్చినాయన నవ్వలేదు. అక్కడే స్తంభం దగ్గర చేతుల్లో ముఖం పెట్టుకుని ఏడ్చాడు. బాపు ఆయన భుజం పట్టుకుని పెరట్లోకి తీసుకుపోయాడు. ఆ రోజు తరవాత నేను ఎవరినీ తన్నలేదు.

మరునాటికి బడి దాకా పాకింది. నాకొక పేరు పెట్టారు. అది ఇక్కడ రాయను. నేను పోతుంటే మగపిల్లలు ఒక పక్కకు ఒరిగి కుంటుతూ నడిచేవాళ్ళు. నాకు బాపు మీద అసహ్యం పుట్టింది. కోదాడలో గది బయట కూర్చుని కబుర్లు చెప్పిన పిల్లనే నేను. ఇద్దరి మధ్య ఉన్నంతకాలం అది నాకు నవ్వులాటే. నలుగురిలో చెప్పేసరికి నా హోదా పోయింది, నా తల కొట్టేసినట్టయింది. బాపుతో మాట్లాడడం మానేశాను. ఆయన అడగలేదు. ఒకటి రెండుసార్లు నా వైపు చూసి పెరట్లోకి పోయి నిలబడ్డాడు.

ఆ గురువారం తిరుమలగిరిలో బడి అయిపోయి రోడ్డు మీదికి వచ్చాం. బాపు నడిపే బండి అదే వేళకు తిరుమలగిరి నుంచి సూర్యాపేట పోతుంది, దారిలో మా ఊరు. రోజూ మమ్మల్ని ఎక్కించుకుని ఊరి దగ్గర దింపేవాడు. ఆ రోజూ ఆపాడు. పిల్లలంతా తోసుకుంటూ ఎక్కారు. నేను ఎక్కలేదు. అద్దంలోంచి బాపు నన్ను చూశాడు. హారన్ కొట్టాడు, మళ్ళీ కొట్టాడు. నేను వినపడనట్టు ముఖం తిప్పుకుని నడిచాను.

కొంచెం దూరం బండి నా పక్కనే, నా నడకకు సరిపోయేంత మెల్లగా వచ్చింది. తరవాత ముందుకు పోయింది. పోతుండగా చూశాను. ముందు వరసలో సీట్లు ఖాళీగా ఉన్నాయి. బాపు వెనక కమ్మీ పట్టుకుని ఆ గొర్ల కాపరి నిలబడి ఉన్నాడు, భుజాన చిన్న మూట. ఆయన కోదాడ పోతున్నాడని నాకు వెంటనే తెలిసిపోయింది. తెలిసి కూడా నేను చెయ్యి ఎత్తలేదు.

ఆయన మానిపోయి వచ్చాడు. ఆ తరవాత చాలా ఏళ్ళు, ఆ దారిలో ఎవరెవరో బాపును బండి దగ్గర పక్కకు పిలిచి మెల్లగా మాట్లాడేవాళ్ళు. బాపు మాత్రం వాళ్ళకు మామూలు గొంతుతోనే జవాబు చెప్పేవాడు. ఉద్యోగం పూర్తయ్యేదాకా బండి నడిపాడు. కొన్నాళ్ళకు మేమిద్దరం మళ్ళీ మాట్లాడుకున్నాం, నా పెళ్ళికి ఏడ్చాడు, నా పిల్లలను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఆడించాడు. ఆ గురువారం సంగతి ఆయన ఎన్నడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఆయన పోయి పన్నెండేళ్ళయింది. సిగ్గు పోగొట్టుకోవడానికి మా బాపుకు ఎంత బలం కావలసివచ్చిందో నాకిప్పుడు తెలుసు. ఆ బలం వచ్చిన వారంలోనే, ఆయనకు తోడుగా ఉండవలసిన నేను, ఆయన బిడ్డనని నలుగురికీ తెలియకూడదని రోడ్డు పక్కన నడిచాను. ఆ మాట ఆయన బతికుండగా ఒక్కసారైనా చెప్పి ఉండవలసింది. చెప్పడానికి నాకు నోరు రాలేదు.